ఏ నీళ్లకు ఏ కట్టె

మొన్న కరీంనగర్ వెళ్లినప్పుడు, బస్సుకు ఇంకా టైముందని, గాలాలూ వలలూ అమ్మే ఒక చిన్న దుకాణం చూరు కింద నీడకు నిలబడ్డాను. కొనేది ఏమీ లేదు. లోపల ఒక పడుచువాడు హెల్మెట్ చంకలో పెట్టుకుని గాలం కట్టె బేరం చేస్తున్నాడు. ఏ రకం కావాలని దుకాణదారు అడిగితే, "ఏదైతేంది అన్నా, కట్టె కట్టెనే గదా. జర గట్టిది సూసి ఇయ్యి," అన్నాడు. దుకాణదారు అన్నిటికంటే లావుపాటిది తీసి ఇచ్చాడు. పడుచువాడు దాన్ని చెరుకుగడలా బండికి కట్టుకుని వెళ్లిపోయాడు.

వెనకాలే పరుగెత్తి ఆ బండి ఆపాలనిపించింది. ఆపి ఏమడుగుతాను? ఏ నీళ్లకు పోతున్నావు, ఏ చేప కోసం, అక్కడ గాలి ఎంత ఉంటుంది, నీ జబ్బలో సత్తువెంత అని. అవి నా ప్రశ్నలు కావు. అవి అడిగే మనిషి పోయిన ఎండాకాలం ఖానాపూర్‌లో చనిపోయాడు. ఆయన బతికున్నప్పుడు ఎన్నోసార్లు ఆ ప్రశ్నలు వినలేక విసుక్కున్నవాణ్ని నేను. ఇప్పుడు వాటిని ఇంకొక్కసారి ఆయన నోట వినాలని ఎంత ఆశగా ఉందో చెప్పలేను. ఆ ఆలోచనలో నిలబడి ఉండగానే నా బస్సు వెళ్లిపోయింది.

ఖానాపూర్‌లో ఆయన్ని ఈకలాయన అనేవాళ్లు. అసలు పేరు ఆదివారం చర్చిలో తప్ప వినపడేది కాదు. అందరూ గాలానికి ఎర్రలు గుచ్చితే ఈయన ఈకలు కట్టేవాడు. కోడిపుంజు మెడ ఈకను సన్నదారంతో గాలం ముల్లు చుట్టూ చుట్టి, నీళ్ల మీద వాలిన పురుగులా తయారుచేసేవాడు. ఎవరింట్లోనైనా పుంజును కోశారని తెలిస్తే పళ్లెం పట్టుకుని వెళ్లేవాడు. కూర పెట్టబోతే వద్దని, పెంట మీద పారేసిన ఈకలు ఏరుకుని వచ్చేవాడు.

నాది జమ్మికుంట. మాస్టరుద్యోగంలో బదిలీ మీద ఖానాపూర్ వచ్చి ఆయన పక్కింట్లో అద్దెకు దిగాను. దిగిన మరునాడు పొద్దున పళ్లు తోముకుంటూ గోడ మీదుగా చూస్తే, ఒక పొడుగాటి మనిషి లుంగీ పైకి మడిచి, వాకిట్లో నిలబడి గాలిని కొడుతున్నాడు. చేతిలో సన్నటి కట్టె. దాని కొస నుంచి పసుపుపచ్చటి దారం వెనక్కి పోయి, గాలిలో నిలువునా సాగి, మళ్లీ ముందుకు వచ్చి నేల మీద మెత్తగా పరుచుకుంటున్నది. చుట్టుపక్కల చుక్క నీరు లేదు. కొత్త ఇంటి పక్కన పిచ్చివాడు దొరికాడని అనుకున్నాను. నన్ను చూసి ఆయన గోడ దగ్గరికి వచ్చాడు. పేరు అడగలేదు, ఊరు మాత్రం అడిగాడు. చెప్పగానే, మా జమ్మికుంట చెరువు మీద గాలి ఎటు నుంచి కొడుతుందని ఆరా తీశాడు. పత్తి ధర అడిగితే చెప్పగలను గాని గాలి సంగతి నాకేం తెలుసు? నోటికొచ్చినట్టు పడమర అన్నాను. ఆయన గడ్డం గోక్కుంటూ చాలాసేపు ఆలోచించి, "గట్లయితె మీకు ఎనిమిది పడ్తది సారూ," అని లోపలికి వెళ్లిపోయాడు.

ఎనిమిదంటే కట్టె నంబరని తర్వాత తెలిసింది. మస్కట్‌లో ఆయన ఒక ముసలి తెల్లదొర దగ్గర డ్రైవరుగా చేశాడు. ఆ దొరకు శుక్రవారం వచ్చిందంటే సముద్రం ఒడ్డుకు పోయి ఈకతో చేపలు పట్టే పిచ్చి. కారులో కునుకు తీయవలసిన డ్రైవరు కిందికి దిగి చూడటం మొదలుపెట్టాడు. చూస్తూ చూస్తూ కట్టె అందించాడు, అందిస్తూ అందిస్తూ విసరడం నేర్చాడు. దొర తన దేశం వెళ్లిపోతూ మూడు కట్టెలూ ఈయనకే ఇచ్చిపోయాడట. ఈయన శాశ్వతంగా ఇంటికి వచ్చేసిన రోజు గొట్టాల్లో పెట్టిన ఆ కట్టెలు భుజాన వేసుకుని ఆటో దిగితే, తుపాకులు తెచ్చాడని వాడకట్టంతా తలుపులు వేసుకున్నదని చెప్పుకునేవాళ్లు. ఆయన భార్యను నేను వదినా అని పిలిచేవాణ్ని. ఆమె ఈ కథ ఎవరు వచ్చినా చెప్పేది. "అందరి మొగోళ్లు బంగారం తెచ్చిన్రు సారూ, నా మొగడు కట్టెలు తెచ్చిండు. పొయ్యిల పెడ్దామన్న పనికిరావు," అనేది. ఆయన పక్కనే కూర్చుని, తన గురించి కానట్టు, చాయ తాగుతుండేవాడు.

మూడు కట్టెలకు మూడు నంబర్లు, నాలుగు, ఆరు, ఎనిమిది. నంబరు పెరిగిన కొద్దీ కట్టె బరువు, బిరుసు. మామూలు గాలానికి సీసపు గుండు కడతారు గనుక ఆ బరువుతోనే దూరం పోయి పడుతుంది. ఈకకు బరువేముంది, ఊదితే ఎగిరిపోతుంది. కాబట్టి ఇందులో బరువంతా దారానిది. ఆ దారాన్ని మోసి విసిరేది కట్టె. కాలువలో చిన్న పరక చేపల కోసం, గాలి లేని పూట, నాలుగు. చెరువు గట్టు మీద రవ్వ చేపల కోసం ఆరు. కడెం ప్రాజెక్టు మీద గాలి ముఖాన కొడుతుంటే, వాలుగ లాంటి మొరటు చేప కావాలంటే, ఎనిమిది. వినడానికి సులువుగానే ఉంది. కాని కాలువ మీద గాలి లేచిందనుకోండి, చెరువు మీద పడిపోయిందనుకోండి, పరకల మధ్యకు రవ్వ వచ్చిందనుకోండి, అప్పుడు మొదలయ్యేది ఆయన బాధ. దానితో పాటు నా బాధ.

ఆదివారం ప్రార్థన అయి, భోజనం చేసి, ఎండ వాలుతుండగా నా బండి వెనక ఎక్కేవాడు. మూడు గొట్టాలూ ఒడిలో అడ్డంగా పట్టుకుంటే అవి రెండు పక్కలా బయటికి పొడుచుకుని వచ్చి, ఎదురొచ్చే బర్రెలు కూడా దారి ఇచ్చేవి. గోదావరి ఒడ్డున సదర్మాట్ ఆనకట్ట దగ్గర దిగేవాళ్లం. దిగగానే ఎవరైనా కట్టె విప్పుతారు. ఆయన విప్పడు. గొంతుక్కూర్చుని, ఎండుగడ్డి నలిపి గాలిలోకి వదిలి అది ఎటు పోతుందో చూసేవాడు. నీళ్లలో చెయ్యి పెట్టి ఉంచేవాడు. ఈ గాలి నిలుస్తుందా సారూ అని నన్నడిగేవాడు. నాకేం తెలుసంటే, మేకలు కాసుకునే ముసలాయన్ని అడిగేవాడు. చివరికి ఆరు విప్పి, ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూర్చి, దారం ఎక్కించి, ఈక కట్టి లేచి నిలబడేవాడు. అప్పుడు ఎక్కడో ఒక ఆకు కదిలేది. మళ్లీ కూర్చుని అంతా విప్పేవాడు.

"పెళ్లికి చీర తీస్తున్నవా అన్నా?" అని ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"చీరనైతె మల్ల మార్సుకోవచ్చు సారూ," అన్నాడు, తల ఎత్తకుండా.

ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు. పక్కన వెదురు కట్టెలతో, ఎర్రలతో కూర్చున్నవాళ్లు సంచులు నింపుకుని లేచిపోతుంటే మేము ఇంకా ఆరా ఎనిమిదా దగ్గరే ఉండేవాళ్లం. వాళ్లు జాలిపడి ఒక చేప ఇవ్వబోతే ఆయన నవ్వి వద్దనేవాడు. ఒక్కసారి కూడా విసరకుండా ఇల్లు చేరిన సాయంత్రాలు ఉన్నాయి. విసిరిన రోజున మాత్రం గొప్ప చేతివాటమని అనుకోకండి. వెనక్కి విసిరిన ఈక తుమ్మచెట్టుకు తగులుకునేది, తన చొక్కా కాలరుకు గుచ్చుకునేది, ఒకసారి నా టోపీని నీళ్లలో పడేసింది. అక్కడి తుమ్మచెట్టు మింగినన్ని ఈకలు గోదావరిలో ఏ చేపా మింగలేదు. అయినా ఆ దారం గాలిలో పూర్తిగా సాగి నీటి మీద చప్పుడు లేకుండా వాలినప్పుడు ఆయన నా వైపు తిరిగి చూసేవాడు. చూశావా అని అడగడానికి. ఆ చూపు కోసమైనా వెళ్లేవాణ్ని, ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గెందుకు.

ఊరికి ఆయన మీదున్న అసలు ఫిర్యాదు ఈకలు కాదు. పట్టిన చేపను వదిలేసేవాడు. ముల్లుకు వెనక్కి తిరిగి ఉండే చిన్న మొనను కటింగ్ ప్లేయర్‌తో ముందే నొక్కేసేవాడు, తీసేటప్పుడు చేప నోరు చిరగకుండా. ఒడ్డుకు వచ్చినదాన్ని నీళ్లలోనే చేతిలో పట్టుకుని, ముల్లు తీసి, ప్రవాహానికి ఎదురుగా ముఖం తిప్పి కాసేపు ఉంచి, చెయ్యి తెరిచేవాడు. ఇది చూసినవాళ్లు తలలు బాదుకున్నారు. అంతకాలం ఎడారిలో ఉండి వస్తే ఇంతే అన్నారు. చర్చి పాస్టరు గారు కూడా గుమ్మంలో చెయ్యి కలుపుతూ, ప్రభువు శిష్యులు వలలను విడిచిపెట్టారు గాని చేపల్ని కాదయ్యా అని వేళాకోళం చేశారు. వదినకు మాత్రం అది వేళాకోళం కాదు. చేపల పులుసంటే ఆమెకు ప్రాణం. మొగుడు చేపలకు పోయిన ఆదివారాలు కూడా ఆమె అంగడిలో చేపలు కొనుక్కోవలసి వచ్చేది. అమ్మేవాళ్లు నవ్వేవాళ్లు.

ఎందుకు వదులుతావని నేను అడిగాను. నా మనసులో ఒక జవాబు తయారుగా ఉంది. పరాయి దేశంలో పాస్‌పోర్టు యజమాని బీరువాలో పెట్టి ఏళ్ల తరబడి ఉన్న మనిషి గదా, పట్టుబడ్డ చేపను చూస్తే తనకు తాను గుర్తొస్తాడేమో అనుకున్నాను. అదే చెప్పాను. ఆయన నన్ను కొంచెం ఆశ్చర్యంగా చూసి, "గంత సోంచాయించలే సారూ. ఇడిసినప్పుడు అది పోయే తీరు మంచిగుంటది. గంతే," అన్నాడు.

కట్టె ఎంచుకోవడంలో ఆయన పడే అవస్థ దేనికో నాకు తెలిసింది వానలు వెనకబట్టిన ఒక సాయంత్రం. ఆ రోజు కాలువ దగ్గరికి వెళ్లాం. ఆకు కదలడం లేదు, నీటి మీద పరకలు చిటపటలాడుతున్నాయి. ఎప్పుడూ లేనిది, వచ్చీ రాగానే నాలుగు విప్పాడు. వెనకా ముందూ చూడలేదు. రెండు పరకలు పట్టి వదిలాడు. మూడోసారి ఈక పడ్డ చోట నీరు ఉబ్బింది. కట్టె కొస నీళ్లను తాకేదాకా వంగిపోయింది. పరకల మధ్యకు పెద్ద రవ్వ వచ్చింది.

నాకు సంబరం ఆగలేదు. గట్టిగా లాగన్నా అని అరిచాను. ఆయన ముఖంలో సంబరం లేదు. ఆ సన్న కట్టెతో లాగితే దారం తెగుతుంది. తెగితే ముల్లూ దారమూ చేప నోట్లోనే ఉండిపోతాయి. కాబట్టి దాన్ని పోనిచ్చి, రానిచ్చి, మళ్లీ పోనిచ్చి, ఎండ కాలువ గట్టు దిగిపోయేదాకా పట్టుకున్నాడు. ఒడ్డుకు వచ్చేసరికి చేప పక్కకు ఒరిగిపోయింది. ఆయన ప్యాంటుతోనే నీళ్లలోకి దిగి, దాన్ని రెండు చేతుల్లో నిలబెట్టి, ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడించాడు. వదిలితే ఒరిగిపోయేది. మళ్లీ పట్టుకునేవాడు. చీకటి పడుతోంది పోదాం అన్నా వినిపించుకోలేదు. చివరికి దాని మొప్పలు కదలడం ఆగిపోయింది.

గట్టు మీద చేపను పక్కన పెట్టుకుని అప్పుడు చెప్పాడు. "కట్టె తేలికైతె చేప అలిసి అలిసి సస్తది సారూ. మరీ బరువైతె మూతి చినుగుతది. దొర నాకు మొదాలు చెప్పిన మాటనే గది. ఇయ్యాల గాలి లేదని ఎగిరిన. నీళ్లల్ల ఏమున్నదో సూడలే."

ఇన్నాళ్లూ ఆయన కట్టె చూసుకున్నది చేపను పట్టడానికి అనుకున్నాను. వదలడానికట. బండి మీద ఆ చేప మా ఇద్దరి మధ్య సంచిలో ఉంది.

ఇంట్లో పండగైంది. వదిన సంచి విప్పి చూసి, మొగుడి ముఖం చూసి, మళ్లీ సంచి చూసింది. ఇన్నేళ్లకు ఇంటికి తెచ్చిన మొదటి చేప. చింతపండు నానబెట్టింది, మెంతులు వేయించింది, అటు ఇటు ఇళ్లకు గిన్నెలతో పంపింది. మా ఆయన పట్టిండు అని గిన్నె గిన్నెకూ చెప్పింది. ఆయన పీట మీద కూర్చుని తలవంచుకుని తిన్నాడు. ఆమె ఇంకొక ముక్క వేస్తే వద్దనలేదు. అది ఏ పొరపాటు వల్ల వచ్చిన చేపో ఆమెకు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆమె అంత సంతోషంగా ఉండటం నేను మళ్లీ చాలాకాలం చూడలేదు. ఆ తరువాత ఆయన ఒడ్డున గొంతుక్కూర్చుని ఎంతసేపు తేల్చుకున్నా నేను తొందరపెట్టలేదు. పక్కన ఊరికే కూర్చునేవాణ్ని. ఏ పనీ లేని ఆ సాయంత్రాలే ఇప్పుడు నాకు కావాలి.

రెండేళ్ల కింద ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కొంచెం ముద్దగా, నిదానంగా వచ్చేది. ఏడుపు మాత్రం వెంటనే వచ్చేది, నవ్వబోయినా ఏడుపే వచ్చేది. నిర్మల్‌లో డాక్టరు ఎడమ చేతికి పని చెప్పమన్నాడు. ఆయన చెప్పాడు. ఎనిమిది ఎత్తలేకపోయాడు. ఆరు ఎత్తి పట్టుకుంటే మణికట్టు వాలిపోయేది. నాలుగు నిలిచింది. వాకిట్లో కుర్చీలో కూర్చుని ఎడమ చేత్తో దారం విసరడం మొదలుపెట్టాడు. కొసకు ఉత్త ఈక కట్టేవాడు, ముల్లు లేకుండా. అది నేల మీద పడగానే కోళ్లు వచ్చి ముక్కులతో పట్టుకుని లాగేవి. ఒక పుంజు మరీ పట్టుదలగా లాగేది. వదిన చాటతో అదిలించబోతే, ఉండనియ్యమని సైగ చేసేవాడు.

దారం మళ్లీ నిలువుగా సాగడం వచ్చాక, నీళ్ల దగ్గరికి తీసుకుపొమ్మని నన్ను అడిగాడు. వదిన ఒప్పుకోలేదు. నీళ్ల అంచున కాలు జారితే ఎవరు దిక్కని అడిగింది. అది నిజమే. ఆయన పోట్లాడలేదు. రోజూ ఎండుగడ్డి నలిపి వాకిట్లో గాలిలోకి వదిలి చూసేవాడు, అంతే. చలికాలమంతా అది చూసి చూసి, ఒకరోజు ఆమే గోడ దగ్గరికి వచ్చి, "ఒక్కపారి తోల్కపోదాం సారూ. మల్ల ఎప్పుడు పోతడో ఏమో," అంది.

ఆటోలో వెళ్లాం, ముగ్గురం. సదర్మాట్ దగ్గర గట్టు మీద చదునైన చోట కుర్చీ వేశాను. వదిన కుర్చీ వీపు రెండు చేతులా పట్టుకుని నిలబడింది. గాలి లేదు. నేను నాలుగు విప్పి, దారం ఎక్కించి, ఆయన చెప్పిన ఈక కట్టి, ముల్లు మొన నొక్కి, ఎడమ చేతిలో పెట్టాను. ఆయన విసరలేదు. నీళ్లను చూస్తున్నాడు. కొంతసేపటికి నాకూ కనిపించింది. రాళ్ల పక్కన నీరు మెల్లగా ఉబ్బుతోంది, సర్దుకుంటోంది, మళ్లీ ఉబ్బుతోంది. అక్కడున్నది పరకలు కావు.

ఆయన కళ్లలో ఎంత ఆశ ఉందో చెప్పనక్కర లేదు. ఇంకొకసారి వస్తామన్న నమ్మకం మా ముగ్గురిలో ఎవరికీ లేదు. ఎత్తగలిగిన కట్టె ఒకటే. ఆ నీళ్లకు ఆ కట్టె సరిపోదు.

"ఎయ్యన్నా. ఇయ్యాల ఒక్కనాటికి ఏంగాదు. ఎవలు సూడొచ్చిన్రు?" అన్నాను.

ఆయన కట్టెను ఒళ్లో పెట్టుకుని, ఈకను నా వైపు చాపాడు. ముల్లు తెంపెయ్యమన్నాడు.

కటింగ్ ప్లేయర్ పెట్టి ముల్లు వంపు దగ్గర నొక్కాను. టక్కున తెగి రాళ్లలో పడింది. ఆయన ఎడమ చెయ్యి పైకెత్తాడు. దారం వెనక్కి పోయింది, ముందుకు వచ్చింది, సరిగ్గా సాగలేదు, దగ్గరలోనే పడింది. మళ్లీ ఎత్తాడు. ఈసారి పూర్తిగా సాగి రాళ్ల పక్కన వాలింది. నీరు పగిలింది. దారం బిగిసింది, కట్టె నడుము దాకా వంగింది, ఆయన ఎడమ చెయ్యి మొత్తం వణికింది. ఒక్క ఊపిరి తీసేంతసేపు అది ఈకను పట్టుకునే ఉంది. తరువాత దారం మెత్తబడింది. చేపను మేము చూడలేదు.

ఆయన ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు తెలియలేదు.

"పోయిందా?" అని వదిన అడిగింది.

"పోయింది," అన్నాడు. "మంచిగ పోయింది. సాలు."

వదిన కుర్చీ వదిలి ముందుకు వచ్చింది. పడిపోయిన ఆయన కుడి చేతిని తీసి తన రెండు చేతుల్లో పట్టుకుని, నీళ్ల వైపే చూస్తూ, "ఏం సాలు? ఇంకోపారి ఎయ్యి," అంది.